అంగీ ఏ బిడ్డకు? పత్తి ఏ బిడ్డ చేతిది?

(మాదాపూర్, కొండాపూర్, బోరబండ బస్తీల్లో కుట్టుపని చేసే స్త్రీలు, ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తున్న యువకులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం.)

అధ్యక్షత వహించిన అక్కకు, ముందు వరుసలో చంకన పిల్లల్నెత్తుకొని కూర్చున్న తల్లులకు, వెనక గోడకానుకొని నిలబడ్డ తమ్ముళ్ళకు జై భీమ్.

నేను వ్యాపారిని కాను. బడిపంతులమ్మను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని. లాభనష్టాల లెక్కలు నల్లబల్ల మీద చెప్తాగానీ గల్లాపెట్టె వెనక ఎన్నడూ కూర్చోలేదు. అయినా నన్నే మాట్లాడమన్నారంటే సరుకు గురించి కాదు, ఆ సరుకు వెనక సంగతి చెప్పమన్నారనుకుంటున్నా.

విషయం మీకు తెలిసిందే. మనలో అయిదుగురు అక్కచెల్లెళ్ళకు మిషను కుట్టడం వచ్చు. ఇద్దరు తమ్ముళ్ళు కంపెనీల్లో పనిచేస్తున్నారు. పుట్టిన పిల్లల దగ్గర్నుంచి అయిదేళ్ళ పిల్లల దాకా ఆర్గానిక్ పత్తి గుడ్డతో అంగీలు, లాగులు, గౌన్లు కుట్టి ఈ హైటెక్ సిటీ చుట్టుపక్కల అమ్ముదామని వాళ్ళ ఆలోచన. బోర్డు మీద 'ఎథికల్, ఆర్గానిక్' అని రాద్దామంటున్నారు. మొదలుపెట్టండి. ఆ మాట ముందే చెప్తున్నా, ఎందుకంటే మనోళ్ళ మీటింగుల్లో నలుగురు లేచి మాట్లాడితే ముగ్గురు వద్దనే వాళ్ళే ఉంటారు. కాకపోతే బోర్డు మీద ఎక్కబోయే ఆ మాటకు అర్థమేమిటో ముందు మనం తేల్చుకోవాలి. మనం తేల్చకపోతే కొనేవాళ్ళు తేలుస్తారు. వాళ్ళ అర్థంలో మనం ఉండం.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఈ మాదాపూర్ రాళ్ళూ గుట్టలూ. పక్కన శిల్పారామం అప్పటికే ఉంది, 1992 నుంచి. ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా అద్దాల మేడలు. ఆ మేడల్లో కూర్చునే తల్లులు తెలివితక్కువ వాళ్ళేం కాదు. బిడ్డ చర్మం మెత్తన, దానికి మందుల గుడ్డ తగలొద్దని వాళ్ళ ఆరాటం. ఆ ఆరాటం నిజమైనదే, నేను దాన్ని వెక్కిరించను. గుడ్డ అద్దకంలో వాడే కొన్ని రంగులు కాన్సర్ కలిగించే పదార్థాలుగా విడిపోతాయని తేలి, మన దేశంలో కూడా 1990లలో నూటపన్నెండు రంగుల్ని నిషేధించారు. కాబట్టి తల్లి అడగడం న్యాయమే. నా గొడవ ఏమిటంటే ఆ ప్రశ్న బిడ్డ ఒంటి దగ్గరే ఆగిపోతున్నది. గుడ్డ వెనక్కి పోతే కుట్టిన చెయ్యి, నేసిన చెయ్యి, వడికిన చెయ్యి, ఏరిన చెయ్యి కనబడాలి. ఇంకా వెనక్కి పోతే విత్తనం కనబడాలి. ఆ విత్తనం దగ్గర ఇంకో బిడ్డ నిలబడి ఉంది.

విత్తనం సంగతి చెప్పే ముందు ఒక మాట. గుడ్డతో మనకు సంబంధం లేదనీ, మనం కొత్తగా ఈ పనిలోకి దిగుతున్నామనీ ఎవరైనా అంటే నమ్మొద్దు. మన రాష్ట్ర షెడ్యూల్డ్ కులాల పట్టికలో 'మాల సాలె, నేతకాని' అని ఒక పేరుంది. ఆ పేరు ఎక్కడ్నుంచి వచ్చింది? ముతక గుడ్డ నేసి ఊరికంతా ఇచ్చిన వాళ్ళం మనం. థర్స్టన్ దొర 1909లో అచ్చేసిన కులాల పుస్తకంలో కూడా మాలలు ముతక నూలు గుడ్డ నేసేవాళ్ళని రాసి ఉంది. సీమ మిల్లుల నూలు, మిల్లు గుడ్డ వచ్చిపడ్డ తర్వాత మొదట కూలిపోయింది ఈ ముతక మగ్గమే. పట్టుమగ్గం నిలబడ్డది, జరీ అంచు నిలబడ్డది. మనది కైకిలిలో కలిసింది. ఆ చరిత్రకు మ్యూజియం లేదు, పండుగ లేదు.

ఇంకొకటి. 1928లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె జరిగింది. ఆ మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. ఆ విభాగంలోకి అంటరాని కులాల కార్మికుల్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఎందుకు? నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగాలి. మనవాడి ఎంగిలి తగిలిన దారం పక్కవాడు ముట్టడట. యజమాని పెట్టిన నియమం కాదది, సాటి కార్మికుడు పెట్టింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ సమ్మె నాయకుల్ని నిలదీసి, మీ డిమాండ్లలో దీన్ని కూడా చేర్చండని పట్టుబట్టాడు. గుడ్డకు కులముందా అని అడిగేవాళ్ళకు ఇది చెప్పండి. దారానికే కులం అంటగట్టిన దేశం ఇది.

ఇప్పుడు విత్తనం.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పాలమూరు జిల్లా నడిగడ్డలో పనిచేశాను. నడిగడ్డ అంటే కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అయిజ ప్రాంతం. జూన్‌లో నలభైమంది పేర్లు రాసుకున్న హాజరు పట్టీలో ఆగస్టు దాటితే ఆడపిల్లల వరుస ఖాళీ అయ్యేది. జబ్బులనుకునేరు. అందరూ 'క్రాసింగు'కు పోయేవాళ్ళు. ఇక్కడున్న చాలామందికి ఆ మాట తెలియదు, నడిగడ్డ నుంచి, కర్నూలు నుంచి వచ్చిన వాళ్ళకు తెలుసు. వాళ్ళు తల దించుకుంటున్నారు. దించుకోవలసింది మీరు కాదు.

హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతటది కాయదు. ఆడ వరుసలో మొగ్గ విచ్చకముందే, ముందురోజు సాయంత్రం, దానిలోని మగ భాగాన్ని గోటితో గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ వరుస నుంచి పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. యంత్రం లేదు. ఒక్కొక్క పువ్వుకు ఒక చెయ్యి. ఇది నెలల తరబడి, రోజూ, సెలవు లేకుండా జరగాలి, ఎందుకంటే పువ్వు సెలవు తీసుకోదు. చిన్న వేళ్ళయితే మొగ్గ పాడు కాదని, పొట్టి పిల్లలయితే నడుము వంచే పని లేదని రైతులు చెప్పేవాళ్ళు. అది సాకు. పెద్ద మనిషికిచ్చే కూలి ఇవ్వనక్కరలేదు, అదీ అసలు కారణం. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లను కట్టేసుకునేవాళ్ళు. పైన మందు కొడుతుంటే కింద పిల్లలు గిల్లుతుండేవాళ్ళు. ఎవరి పిల్లలు? దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలు, అందులో ఎక్కువమంది ఆడపిల్లలు.

ఇదేదో నేను ఊహించి చెప్తున్నది కాదు. దావులూరి వెంకటేశ్వర్లు గారు 1990ల చివరి నుంచి దీని మీద పరిశోధనలు చేశారు. 2003లో వచ్చిన నివేదికలో బహుళజాతి విత్తన కంపెనీలకు ఈ చేలల్లోని పిల్లల శ్రమకూ ఉన్న లంకె బయటపెట్టారు. కంపెనీకి రైతు నేరుగా తెలియదు, మధ్యలో ఆర్గనైజరుంటాడు. పిల్ల రైతుకు తెలుసు, ఆర్గనైజరు కంపెనీకి తెలుసు, పిల్ల మాత్రం కంపెనీకి తెలియదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! కంపెనీ విత్తనానికిచ్చే ధరే పెద్దవాళ్ళ కూలి గిట్టని ధర. పిల్ల కూలి మీదే ఆ ధర నిలబడ్డది. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ లాంటి వాళ్ళు పిల్లల్ని బడికి తెచ్చే ఉద్యమం చేశారు. వాళ్ళు 1991లో పని మొదలుపెట్టింది రంగారెడ్డి జిల్లాలోనే, అంటే అప్పట్లో ఈ మాదాపూర్ ఉన్న జిల్లాలోనే. ఆ ఉద్యమాల వల్ల, పత్రికల వల్ల, విదేశాల్లో పరువు పోతుందన్న భయం వల్ల కంపెనీలు దిగొచ్చాయి, పిల్లల సంఖ్య తగ్గింది. తగ్గింది అంటున్నా, పోయింది అనడం లేదు. 2016లో బాలకార్మిక చట్టం సవరించి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పని పూర్తిగా నిషేధించారు. సంతోషం. అదే సవరణలో కుటుంబం చేసుకునే పనిలో బడి వేళల తర్వాత సాయం చేయొచ్చని కిటికీ తెరిచి పెట్టారు. చేనంతా కుటుంబమే అని రాసుకుంటే అడిగేదెవరు?

ఈ సంగతికీ మన దుకాణానికీ ఏం లంకె అంటారా? ఇదీ లంకె. ఆర్గానిక్ పత్తి అంటే మందు కొట్టనిది, రసాయనపు ఎరువు వేయనిది, జన్యుమార్పిడి విత్తనం కానిది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఇవాళ దేశంలో నూటికి తొంభై పాళ్ళు పైగా బీటీయే, కాబట్టి బీటీ కాని విత్తనం దొరకడమే కష్టం. దొరికిన బీటీ కాని విత్తనం కూడా హైబ్రిడ్ కావచ్చు. హైబ్రిడ్ అయితే మళ్ళీ క్రాసింగే, మళ్ళీ ఎవరో గిల్లాలి. గుడ్డ ఆర్గానిక్ అవుతుంది, ముద్ర పడుతుంది, మెత్తగా ఉంటుంది, విత్తనం మాత్రం ఎవరి చేతిదో ముద్ర చెప్పదు. అదే నాటు పత్తి అయితే, లేదా హైబ్రిడ్ కాని సూటి రకం అయితే, ఆ పువ్వు దానంతటది కాయ కడుతుంది. రైతు గింజ దాచుకుంటాడు. ఏ పిల్లా గిల్లనక్కరలేదు. అందుకే అంటున్నా, మన దుకాణం అడగవలసిన మొదటి ప్రశ్న 'మందు కొట్టారా?' కాదు. 'ఏ విత్తనం?' ఈ ప్రశ్న హైటెక్ సిటీలో ఎవరూ అడగడం నేను వినలేదు. పిల్లల బట్టలమ్మే వాళ్ళు అడగకపోతే ఇంకెవరు అడగాలి?

మందు సంగతి కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు ఆగక, అప్పు తీరక పత్తి రైతులు వందల్లో చనిపోయారు. చేలో కొట్టిన మందే తాగి పోయారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తి చేలకు మందు కొడుతూ ఆ గాలి పీల్చి మనుషులు చనిపోయారు, అందులో కూలికి కొట్టిన వాళ్ళున్నారు. వీపు మీద పంపు మోసేది ఎవరు? చేను గలాయన గట్టు మీద గొడుగేసుకొని నిలబడతాడు. కాబట్టి ఆర్గానిక్ అన్నది గచ్చిబౌలి బిడ్డ చర్మానికి ఎంత అవసరమో, మన అన్న ఊపిరితిత్తులకు అంతకంటే ఎక్కువ అవసరం. ఆ మాట మనం ధైర్యంగా చెప్పాలి.

ముద్రల గురించి తమ్ముళ్ళు అడిగారు. గాట్స్ అనే ముద్ర ఉంది, గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్. నూటికి తొంభై అయిదు పాళ్ళు ఆర్గానిక్ నారుంటే ఒక రకం చీటీ, డెబ్బై పాళ్ళుంటే ఇంకో రకం చీటీ. రంగుల మీద, మిల్లు మురుగునీటి మీద, కార్మికుల హక్కుల మీద కూడా నియమాలున్నాయి. మంచిదే. అయితే అది జిన్నింగు మిల్లు దగ్గర మొదలవుతుంది, పొలం సర్టిఫికెట్ వేరు. ఇక మోసాలంటారా, 2010లో మన దేశం నుంచి ఎగుమతైన ఆర్గానిక్ పత్తిలో బీటీ కలిసిందని జర్మనీ పత్రిక రాస్తే పెద్ద పెద్ద బట్టల కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. 2020లో గాట్స్ సంస్థే మన దేశంలో ఇరవై వేల టన్నుల పత్తికి దొంగ సర్టిఫికెట్లు పుట్టాయని బయటపెట్టి కొన్ని కంపెనీలను వెలేసింది. ముద్ర వద్దని కాదు. ముద్ర ఉంటే కళ్ళు మూసుకోవచ్చని అనుకోవద్దు. చిన్న దుకాణానికి ఒక మంచి ఉంది: మనకు కావలసిన గుడ్డ నాలుగైదు వందల మీటర్లు. అంత గుడ్డకు పత్తి ఎక్కడిదో బస్సెక్కి పోయి చూసి రావచ్చు. వేల టన్నులు కొనే కంపెనీ ఆ పని చేయలేదు.

నూలు మిల్లుల సంగతి కూడా తెలుసుకోండి. తమిళనాడు నూలు మిల్లుల్లో 'సుమంగళి' పేరుతో పేదింటి ఆడపిల్లల్ని మూడేళ్ళు హాస్టళ్ళలో పెట్టి పనిచేయించుకొని, చివర్లో పెళ్ళికి పనికొస్తుందని ఒక మొత్తం చేతిలో పెట్టే పద్ధతి నడిచింది. 2011లో నెదర్లాండ్స్ సంస్థలు దాని మీద నివేదిక వేశాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది మనవాళ్ళే. తిరుపూరు అల్లిక గుడ్డ మెత్తగా సాగుతుంది, పసిపిల్లలకు బాగుంటుంది, నేను కాదనను. ఆ నూలు ఏ మిల్లుది అని మాత్రం అడిగి కొనండి.

మరి మనకు దగ్గర్లో ఏముంది? ఉంది. 2004లో మొదలైన చేతన ఆర్గానిక్, ఆదిలాబాద్ ప్రాంతంలోనూ ఒడిశా, మహారాష్ట్రల్లోనూ చిన్న రైతులతో, అందులో ఆదివాసీ రైతులతో ఆర్గానిక్ పత్తి పండిస్తున్నది. ఇప్పటి జనగామ జిల్లా ఏనబావి ఊరు ఊరంతా 2006లో రసాయనాలు మానేశామని ప్రకటించుకుంది. అక్కడికి పొయ్యొస్తే ఒక రోజు పని. ఇక మల్ఖా. ఇది మన హైదరాబాదుదే. దస్తకార్ ఆంధ్ర పెట్టిన ఉజ్రమ్మ గారు నడిపించిన పని. సంగతేమిటంటే, దూదిని ఆవిరి మరల్లో నొక్కి రాయిలాంటి బేళ్ళుగా కట్టడం ఇంగ్లండు మిల్లులకు ఓడలెక్కించడానికి వచ్చిన అలవాటు. ఒక్కో బేలు నూటడెబ్బై కిలోలు. మిల్లులో మళ్ళీ దాన్ని చీల్చి, దులిపి, విడదీయాలి, అందులో నార దెబ్బ తింటుంది. పత్తి పండే చోటే చిన్న యంత్రాలతో, బేలు కట్టకుండా నూలు తీస్తే గుడ్డ మెత్తగా, గాలాడేటట్టు ఉంటుందన్నది వాళ్ళ ఆలోచన. దాని గొప్ప ఆర్గానిక్ ముద్రలో లేదు, పత్తి చేనుకూ మగ్గానికీ నడుమ దూరం తగ్గించడంలో ఉంది. ఒక తాను తెచ్చి కుట్టి, ఉతికి చూడండి. పత్తి ఎక్కడిదని అక్కడ కూడా అడగండి, మొహమాటపడకండి.

కుట్టే సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అయినా రెండు మాటలు. మనిళ్ళల్లో పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తొడగరు, అమ్మమ్మ పాత నూలు చీర చించి చుడతారు. పేదరికం అనుకుంటాం గానీ అందులో తెలివుంది. వందసార్లు ఉతికిన గుడ్డలో గంజి పోతుంది, రంగు పోతుంది, నార మెత్తబడుతుంది. కాబట్టి మీ గుడ్డను కోసే ముందే రెండు మూడుసార్లు ఉతకండి, కుదించుకుపోయేది ముందే కుదించుకుపోతుంది. మగ్గం గుడ్డ సాగదు, కాబట్టి చంక దగ్గర వదులు పెట్టండి. ఏడాది లోపు పిల్లలకు గుండీలు వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. మెడ దగ్గర తాళ్ళు అసలే వద్దు, పక్కన ముడి వేసే అంగీ కుట్టండి. కుట్టు అంచు బయటికి వచ్చేటట్టు కుట్టినా తప్పులేదు, లోపల గీరుకోదు. మొదటి ఆరు నెలల పిల్లలకు రంగే వద్దు. ఆకు రంగు, బెరడు రంగు అని నమ్మించి కొందరు అద్దకం నిలవడానికి ఏవేవో లోహపు ఉప్పులు వాడతారు. పటిక, కరక్కాయలతో అయ్యే రంగులు చాలు. కత్తిరింపుల్లో మిగిలిన తునకలు పారేయకండి, బొంతలు కుట్టండి. మన బొంతను ఇప్పుడు మేడల్లో బొమ్మలాగా గోడకు తగిలించుకుంటున్నారు.

లెక్క చూద్దాం. ఆరు నెలల బిడ్డ అంగీకి అర మీటరు గుడ్డ. అర మీటరు గుడ్డకు, పోయే దుమ్ముతో సహా, వంద గ్రాముల దూది అనుకుందాం. వంద గ్రాముల దూదికి గింజతో ఉన్న పత్తి మూడు వందల గ్రాములు కావాలి. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు. అంటే మన అంగీలో రైతు వాటా ఇరవై నాలుగు రూపాయలు. అంగీ నాలుగు వందలకు అమ్మారనుకోండి, అందులో ఇరవై నాలుగు! ఏరిన అక్క కూలి ఆ ఇరవై నాలుగులోంచే పోవాలి. కిలోకు పదిహేను ఇచ్చారనుకున్నా ఆమెకు నాలుగున్నర. ఇప్పుడు చెప్పండి, రైతుకు ఇంకో అయిదు రూపాయలు, ఏరే అక్కకు రెట్టింపు కూలి ఇస్తే మన అంగీ ధర ఎంత పెరగాలి? పది రూపాయలు. న్యాయం చేస్తే సరుకు ఖరీదైపోతుందని గొంతు చించుకునే వాళ్ళకు ఈ లెక్క చూపించండి.

మరి నాలుగు వందలు ఎక్కడికి పోతున్నాయి? నూలు, నేత, అద్దకం, కుట్టు, కిరాయి, పన్ను, తగ్గింపు. ఇందులో తగ్గింపు దగ్గర జాగ్రత్త. పండుగకు ఇరవై శాతం తగ్గించమంటారు. గుడ్డ ఇచ్చినాయన తగ్గించడు, స్టాలు కిరాయి తగ్గదు, పన్ను తగ్గదు. ఇక తగ్గేది ఏమిటి? మిషను మీద కూర్చున్న అక్క కూలి. అందుకే ముందు కుట్టుకూలి రాయండి, దాని మీద మిగతావి పేర్చండి, దాన్ని కదిలించే హక్కు ఎవరికీ, ఆఖరికి మీకు కూడా లేదని పుస్తకం మొదటి పేజీలో రాసి అయిదుగురూ సంతకాలు చేయండి. మా సర్కారు బడి పిల్లల యూనిఫారాలు 2024 నుంచి మహిళా సంఘాలు కుడుతున్నాయి, జతకు డెబ్బై అయిదు రూపాయలు. అంతకు ముందు యాభై. ఆ యాభై డెబ్బై అయిదు కావడానికి ఎంత అడగవలసి వచ్చిందో కుట్టిన వాళ్ళకు తెలుసు. మన దుకాణంలో అడిగించుకోవద్దు. పన్ను సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల లోపు బట్ట మీద జీఎస్టీ అయిదు శాతం. మనది అందులోనే.

పెట్టుబడికి అప్పు ఇప్పిస్తామని బస్తీల్లో తిరిగే మధ్యవర్తుల్ని దగ్గరికి రానివ్వకండి. 2015లో వచ్చిన ముద్ర పథకంలో యాభై వేల దాకా 'శిశు' రుణం, పూచీ అడగకూడదు. అయిదు మిషన్లలో మూడు మీవే ఉన్నాయి కాబట్టి అది చాలు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పరిశ్రమదారులకు 2014లో టీ-ప్రైడ్ అని పెట్టారు, దాని రాయితీలకు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తాము కొనే సరుకులో నాలుగు శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల దగ్గర కొనాలని 2012 నుంచి ఉత్తర్వు ఉంది. ఆ కోటా నిండదు, ఎప్పటిలాగే 'అర్హులు దొరకలేదు' అంటారు. దొరుకుదాం.

అమ్మకం ఎక్కడ? శిల్పారామంలో స్టాళ్ళు, అపార్టుమెంట్లలో ఆదివారం సంతలు, ఇవన్నీ మీకు తెలుసు. నాకు తోచిన ఒక దారి చెప్తా. 2017లో ప్రసూతి చట్టం సవరించి సెలవు ఇరవై ఆరు వారాలు చేశారు, యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట శిశు గృహం ఉండాలన్నారు. ఈ కారిడారులో అట్లాంటి కంపెనీలు ఎన్నో. ఆ శిశు గృహాలకు పక్కగుడ్డలు, తువ్వాళ్ళు, బొంతలు కావాలి. ఒక్క కంపెనీ ఆర్డరు ఆరు నెలల పని. తమ్ముళ్ళారా, మీరు మీ ఆఫీసులో అడగండి. అడిగేటప్పుడు ఇంకోటి కూడా అడగండి: మీ అంతస్తు తుడిచే కాంట్రాక్టు అక్క బిడ్డను ఆ శిశు గృహంలోకి రానిస్తారా? ఆ బిడ్డ ఇప్పుడెక్కడుందో ఈ ముందు వరుస చూస్తే తెలుస్తుంది.

చివరగా పేరు. నిన్న సాయంత్రం దీని మీదనే పెద్ద వాదన జరిగిందట. ఒక తమ్ముడు, మన పేర్లు తెలిస్తే కొనరు, ఏదో సంస్కృతం పేరు పెట్టి మెత్తగా నడుపుదామన్నాడు. ఆ భయం గాలికి పుట్టలేదు. 1917లో బరోడా కొలువులో అవమానపడి తిరిగొచ్చిన అంబేడ్కర్, కొలంబియాలో చదివొచ్చిన మనిషి, బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టాడు. సలహా ఇచ్చేవాడి కులం తెలిశాక వచ్చేవాళ్ళు రావడం మానేశారు. మూతపడింది. సలహాకే మైల అంటగట్టిన వాళ్ళు పసిబిడ్డ ఒంటి మీది గుడ్డకు అంటగట్టరా? అంటగట్టే వాళ్ళుంటారు. వందేళ్ళు దాటినా ఉంటారు.

అయినా నా మాట వేరే. దాచి అమ్మితే రేపు తెలిసినప్పుడు పోయే గిరాకీ ఇవాళే పోనివ్వండి, అప్పు పెరగకముందే పోతుంది. కులం బోర్డు మీద రాయమని కాదు, జాలి అమ్ముకునే దుకాణం నాకిష్టం లేదు. అంగీ లోపలి చీటీ మీద మూడు పేర్లు రాయండి: కుట్టిన అక్క పేరు, నేసిన ఊరు, పత్తి ఊరు. కింద కుట్టుకూలి ఎంతో రాయండి. విత్తనం నాటుదా, సూటిదా, హైబ్రిడ్డా, తెలిసింది తెలిసినట్టు రాయండి. హైబ్రిడ్ అయితే హైబ్రిడ్ అనే రాయండి, సిగ్గుపడకండి, వచ్చే ఏడు మార్చుకుందాం. కొనే తల్లి ఆ చీటీ చదివి ఒక ప్రశ్న అడిగిందంటే, ఆమెకు జవాబు చెప్పే మనిషి మిషను దగ్గరే కూర్చొని ఉంటుంది. మేడలో దుకాణానికి ఆ వసతి లేదు.

ఇప్పుడు పనులు పంచుకుందాం. ఏనబావికి పోయేదెవరో ఇద్దరు చేతులెత్తండి. నడిగడ్డ నుంచి వచ్చిన చెల్లె వాళ్ళతో పోతే మంచిది, పత్తి పువ్వును చూసి ఏం అడగాలో ఆమెకు నాకంటే బాగా తెలుసు. లెక్కల పుస్తకం నేను గీసిస్తా. ఇక ఆ మూల తాను పట్టుకొని కూర్చున్న అక్క ఇట్లా ముందుకు రావాలి. గుడ్డ విప్పండక్కా, అందరూ చేత్తో పట్టుకొని చూస్తారు.